ఆషాఢం రీడింగు

బాలాత్రిపురసుందరికి ఈ లోకంలో రెండింటి మీదే గురి. ఒకటి కెమిస్ట్రీ, రెండోది గోరింటాకు. పిల్లి ఎదురురావడం, గ్రహణం మొర్రి, మంగళవారం గోళ్లు తీయకూడదన్న అత్తగారి ఆంక్ష, ఇవన్నీ ఆవిడ దృష్టిలో ఒట్టి చాదస్తాలు. "సైన్సు చదువుకున్నదాన్ని, నా దగ్గర ఇలాంటివి చెప్పకండి" అని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో తన వాటాకి అటూ ఇటూ ఉన్న నాలుగిళ్లకీ వినపడేట్టు అనేది. గోరింటాకు మాత్రం చాదస్తం కాదట, ముచ్చటట! పోనీలెండి, ఎవరి పిచ్చి వారికానందం. కానీ ఆవిడ నమ్మిన ఆ రెండూ ఒకనాడు ఒక వేలి మీద ఎదురుపడ్డాయి. ఆ వేలు ఆవిడది కాదు. అదే వచ్చిన చిక్కు.

ఇది తొంభై తొమ్మిది నాటి మాట. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచి జనం కళ్లు చెదరగొడుతున్న రోజులు. దాని చుట్టూ ఇంకా బండలే, సీతాఫలం పొదలే. అయితేనేం, ఆ మేడ నీడ పడ్డంతమేరా కంపెనీ బోర్డులు మొలిచాయి. అలాంటి ఒక సందులో, కింద మేకులూ తాళ్లూ అమ్మే దుకాణం, పైన మూడు గదుల్లో రవికిరణ్ కంపెనీ. "మీది హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?" అని ఎవరైనా అడిగితే "హార్డ్‌వేరు కింద అంతస్తులో అమ్ముతారండీ" అని తనే ముందు నవ్వేవాడు. మహా మాటకారి. కోప్పడే యజమానితో అయితే పోట్లాడొచ్చు. నవ్వేవాడితో ఏం చేస్తాం?

వాళ్లు తయారుచేస్తున్నది 'అరుణ' అనే మీటరు. అరచేతిలో ఇమిడిపోతుంది. వేలు పొడిచి ఒక్క రక్తపు చుక్కని చిన్న ప్లాస్టిక్ పట్టీ చివర పెట్టి ఆ మీటరులో దూరిస్తే, పట్టీ మీద పూసిన మందుతో రక్తం కలిసి సన్నగా కరెంటు పుడుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుంటే కరెంటు అంత. అర నిమిషంలో అంకె వచ్చేస్తుంది. పన్నెండు దగ్గర ఉంటే ఆడమనిషికి ఢోకా లేదు. ఏడు కిందికి దిగితే ప్రాణం మీదికే. ల్యాబు లేని పల్లెల్లో, గర్భిణుల గడపకే వెళ్లి చూడొచ్చని రవికిరణ్ ఆశ. ఆ పట్టీ మీది మందు సుందరి రెండేళ్ల కష్టం. బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చిన సీసాల రక్తంతో వందలసార్లు సరిచూసుకుంది. ఒక్కసారీ తప్పలేదు. సీసాలకు వేళ్లుండవు కదా మరి!

ఆ మూడు గదులూ ఊడ్చి, తుడిచి, టీ గ్లాసులు కడిగే పిల్ల రుక్కమ్మ. తాండూరు దిక్కు మనిషి. మొగుడు ఐలయ్య ఆ కొత్త మేడల పనుల్లోనే మేస్త్రీ కింద కూలి. ఇద్దరూ బండల మధ్య గుడిసెలో ఉండేవారు. ఇరవై ఏళ్లు దాటాయో లేదో, నోట్లో మాట ఆగేది కాదు. తొలిచూలు. నెలలు నిండుతున్నకొద్దీ కడుపు ఎత్తుగా, మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా అవుతూ వచ్చింది. మెట్లెక్కితే మధ్యలో కూర్చునేది.

సుందరే ఒకరోజు రెప్ప కిందికి లాగి చూసి, కేకలేసి సర్కారు దవాఖానకు పంపింది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి గట్టిగానే చెప్పింది. రక్తం సగమే ఉంది, ఆరూ చిల్లర. ఊళ్లో కనడానికి వీల్లేదు. నెల ముందే నగరంలో పెద్ద దవాఖానలో చేరాలి. రక్తం ఇవ్వడానికి ఇద్దరు మనుషుల్ని వెంట తెచ్చుకోవాలి.

"తొల్సూరు కాన్పు తల్లిగారింట్ల గాకుంట దవాఖానల ఎట్ల కంటరమ్మా?" అని రుక్కమ్మ ఆ రోజంతా ఒకటే గొణుగుడు. "నన్ను గన్న అవ్వ సీతాబాయి ఊర్లె పది మందికి కాన్పులు జేసింది. నన్ను ఒక్కదాన్ని దవాఖానల పండవెడితె ఊకుంటదా?"

"నోర్మూసుకుని చెప్పింది చెయ్యి. రక్తం లేకుండా కంటే చస్తావే."

"సచ్చుడేందమ్మా, గట్లంటరా!" అంటూనే నవ్వింది.

సుందరి ఐరన్ మాత్రలు కొని తెచ్చి, రోజూ తన కళ్లముందే మింగించేది. పాలకూర పప్పు ఒక డబ్బా ఎక్కువ తెచ్చేది. ఎందుకంత ప్రేమ అంటే ఏం చెబుతాం? సుందరికి పెళ్లయి ఆరేళ్లు, ఇంకా కడుపు పండలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోయినా అందరికీ తెలుసు. రుక్కమ్మ కడుపు మీద చెయ్యి వేసి "తన్నిందే!" అని సుందరి అన్నప్పుడు, అక్కౌంట్లు చూసే పెద్దాయన కామేశ్వరరావు మొహం తిప్పుకుని లెక్కలు వేసుకునేవాడు.

ఆషాఢం వచ్చింది. అత్తగారు సరోజమ్మ పెరట్లో చెట్టు దూసి, చింతపండు చేర్చి, రోట్లో మెత్తగా రుబ్బిన గోరింటాకు ఇల్లంతా వాసన. శనివారంనాడు సుందరి ఓ స్టీలు డబ్బా నిండా ఆఫీసుకే పట్టుకొచ్చింది.

"ఇలా ఇయ్యవే చెయ్యి."

"వద్దమ్మా! నేలలు తుడ్వాలె, గిలాసలు గడగాలె."

"ఇవాళ్టికి అవేవీ అక్కర్లేదు. కూర్చో."

"మైదాకు నాకు లగ్గమప్పుడు వెట్టిండ్రు. గంతే, మల్ల లేదు."

"మైదాకు కాదు, గోరింటాకు అనాలి."

"పేరు ఏదైతేంది, ఎర్రగైతది గద!"

పది వేళ్లకీ టోపీల్లా దట్టంగా పెట్టింది సుందరి. రుక్కమ్మ రెండు చేతులూ గాలిలో పెట్టుకుని దొరసానిలా కూర్చుంది. ముక్కు దురద పెడితే సుందరే గోకింది. మంచినీళ్లు సుందరే తాగించింది. "ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారే" అంటే, "వచ్చినోడు వచ్చిండు గదమ్మా, ఇగ ఇంకొగడెందుకు పరేషాన్!" అని పకపకా నవ్వింది. సాయంత్రం కడిగితే ఆ వేళ్లు మందారాల్లా పండాయి. కడుపుతో ఉన్నవాళ్లకి బాగా పండుతుందంటారు, నిజమే కాబోలు. ఆ పిల్ల అద్దం ముందుకెళ్లి బుగ్గ మీద వేలు పెట్టుకుని చూసుకుంది. ఒళ్లంతటిలో ఎర్రగా ఉన్నవి ఆ వేళ్లే.

సోమవారం బొంబాయి నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చారు. "ఆషాఢంలో కొత్త పని మొదలెడతారా ఎవరైనా?" అని కామేశ్వరరావు సణిగితే, రవికిరణ్ "బొంబాయివాళ్లకి ఆషాఢం ఉండదండీ" అన్నాడు. పత్రికవాళ్లనీ పిలిచాడు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. రుక్కమ్మని ముందే పిలిచి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకురమ్మన్నాడు. అతని పథకం ఏమిటంటే, ఈ కూలిపిల్లకి అందరి ముందూ పరీక్ష చేయాలి, ఆరో ఏడో రావాలి, బొంబాయివాళ్లు అయ్యో అనాలి. బీదరికం అంకెల్లో కనబడితే సంచీ మూతి విప్పుతారని అతని లెక్క. మనిషి ముఖం చూస్తేనే తెలిసే సంగతికి మీటరెందుకని అడిగే ధైర్యం ఎవరికుంది?

సుందరి తెల్లకోటు వేసుకుని ముందుకొచ్చింది. రుక్కమ్మ ఎడమచేతి ఉంగరం వేలు పట్టుకుని స్పిరిట్ దూదితో తుడిచింది. దూదికి నారింజ రంగు అంటింది. చూసింది. చూసి బుట్టలో పడేసింది. వేలు పొడిచి, చుక్క పట్టీకి తాకించి, మీటరులో పెట్టింది. అందరూ మెడలు చాచారు. ఫొటోగ్రాఫరు మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రటి వేలి కొసన నిలిచిన ఎర్రటి చుక్కని దగ్గర నుంచి తీశాడు.

పదకొండూ పాయింట్ ఎనిమిది.

రవికిరణ్ కనుబొమలు ముడిపడి, అంతలోనే విడిపోయాయి. ఏమైనా చెప్పండి, ఆ మనిషి బుర్ర పాదరసం! "రెండు నెలల క్రితం ఈ అమ్మాయికి ఆరు ఉండేది" అన్నాడు ఇంగ్లీషులో, గొంతు కాస్త వణికించి మరీ. "ఇవాళ ఎంతో మీరే చూశారు. మా సుందరి గారు దగ్గరుండి ఐరన్ మాత్రలిచ్చి కాపాడారు. కొలవగలిగితే కాపాడగలం. మా అరుణ ధ్యేయం అదే." చప్పట్లే చప్పట్లు. బొంబాయివాళ్లలో పెద్దాయన లేచి వచ్చి సుందరితో కరచాలనం చేశాడు.

సుందరి మొహం వెలిగిపోయింది. ఎవరికి వెలగదు? కానీ చదువుకున్నది కదా, లోపల ఒక మాట మెదిలింది. మాత్రలతో రెండు నెలల్లో రెండు పెరగొచ్చు, మహా అయితే మూడు. అయిదు పెరుగుతుందా? పెరిగితే ఆ కనురెప్పల కింద ఆ తెలుపేమిటి? ఆ మాట గడప దాకా వచ్చి నిలబడింది. సుందరి రమ్మనలేదు.

అప్పుడు రుక్కమ్మ అడిగింది. సభా మర్యాద దానికేం తెలుసు? పొడిచిన వేలు పైట చెంగులో చుట్టుకుని, అందరి ముందూ తెలుగులోనే అడిగేసింది.

"అమ్మా, నిజమేనా? నాకు రక్తం మంచిగైందా? ఇగ పెద్ద దవాఖాన అక్కర్లేదా? మా అవ్వ కాడ కనొచ్చునా?"

బొంబాయివాళ్లకి అర్థం కాకపోయినా అందరూ సుందరి వైపే చూశారు. రవికిరణ్ నవ్వుతూ చూశాడు. "ల్యాబులో ఇంకోసారి చూపించుకుందాం, ఆగవే" అనడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు మాటలు. కానీ ఆ నాలుగు మాటలంటే, ఇప్పుడు అందరూ చప్పట్లు కొట్టిన మీటరుని తానే నమ్మడం లేదన్నట్టు. రెండేళ్ల కష్టం ఎదురుగా నిలబడి ముచ్చటగా ఆవిడ వంకే చూస్తోంది.

"నిజమే" అంది సుందరి. "కనొచ్చు."

రుక్కమ్మ మొహం చూడాలి అప్పుడు! ఎర్రటి వేళ్లతో రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఎవరికి పెట్టిందో, సుందరికో మీటరుకో తెలియదు.

శ్రావణం రాగానే రుక్కమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు వచ్చి సుందరిని చుట్టుకుపోయింది. "పోరి పుడితె నీ పేరే వెడతనమ్మా. గింత పొడుగు పేరు ఎట్ల విలుస్తరో ఏమో గని!" అంది. మిగిలిన మాత్రల సీసా కిటికీలో మరిచిపోయింది. మరిచిపోయిందని సుందరి అనుకుంది గానీ, రక్తం నిండిపోయిందని చెప్పాక మాత్రలు మోసుకుపోవడమెందుకని వదిలేసి వెళ్లిందేమో!

వరలక్ష్మీ వ్రతం శుక్రవారం అయింది. శనివారం కొత్త పట్టీలు సరిచూసే పని పడింది. ఎప్పుడూ వాడే బ్లడ్ బ్యాంకు సీసా ఆ రోజు అందక, సుందరి మొదటిసారి తన వేలే పొడుచుకుంది. ల్యాబులో చూపించుకుంటే ఆవిడ రక్తం ఎప్పుడూ పదకొండుకి అటూ ఇటూ. మీటరు పదహారు చూపించింది. పట్టీ పాడైందనుకుని ఇంకోటి తీసింది. మళ్లీ పదహారే. కామేశ్వరరావుని బతిమాలి ఆయన వేలు పొడిస్తే ఆయనకి ల్యాబులో ఎప్పుడూ వచ్చే అంకే వచ్చింది. అంటే పట్టీలు బాగానే ఉన్నాయి.

"మీకే ఏదో పట్టిందమ్మా, వ్రతం చేసుకున్నారుగా, లక్ష్మీకళ!" అన్నాడాయన.

సుందరి నవ్వబోయి ఆగిపోయింది. టేబుల్ మీద తను తుడుచుకున్న దూది ఉంది. నారింజ రంగు. వ్రతానికని గురువారం సాయంత్రం మళ్లీ పెట్టుకున్న గోరింటాకు.

అద్దం ముందుకెళ్లి చెవి తమ్మె పొడుచుకుని ఆ చుక్క పెట్టి చూసింది. పదకొండు. అప్పుడు ఆ దూదిని మళ్లీ స్పిరిట్‌లో ముంచి, గోరు మీద గట్టిగా రుద్ది, పట్టీ మీద పిండింది. బొట్టు రక్తం లేదు అందులో. మీటరు అర నిమిషం ఆలోచించి అయిదు చూపించింది.

రక్తం లేకుండానే అయిదు! గోరింటాకు ఎరుపులో ఉండే రంగుపదార్థం కూడా పట్టీ మీది మందుతో కలిసి కరెంటు పుట్టించే జాతిదే. ఎమ్మెస్సీలో పరీక్షకి రాసిన పాఠమే. రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే! లోకంలో చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. సుందరి ఆకులు పట్టుకుని మరీ చెయ్యి కాల్చుకుంది. అదీ తన చెయ్యి కాదు. పదకొండూ ఎనిమిదిలోంచి అయిదు తీసేస్తే ఎంతో ఒకటో తరగతి పిల్లాడైనా చెబుతాడు.

పరిగెత్తుకుంటూ రవికిరణ్ గదిలోకి వెళ్లి, మీటరూ దూదీ బల్ల మీద పెట్టి చెప్పింది. అతను శాంతంగా విన్నాడు.

"కంగారు పడకండి సుందరి గారూ. ఆషాఢం వెళ్లిపోయిందిగా."

"అట్లతద్ది రాదాండీ? పెళ్లిళ్లు రావా? ఈ దేశంలో ఆడదాని వేలు ఖాళీగా ఉండేదెప్పుడు? ముందు ఆ పిల్ల సంగతి చూడండి. ఊళ్లో కంటోంది. నేనే కనమన్నాను!"

"అయ్యయ్యో, అదా! అలాగే, తీసుకొద్దాం" అన్నాడు రవికిరణ్, నిజంగానే నొచ్చుకున్నట్టు. "సోమవారం కంపెనీ కారిస్తాను. మీరే వెళ్లి మెత్తగా కూర్చోబెట్టి తీసుకురండి. అంత కడుపుతో రైళ్లలో ఎందుకు? వాళ్లాయనకి మాత్రం ఇప్పుడే చెప్పకండి. సైటంతా గోల చేస్తే పత్రికల దాకా పోతుంది. మాన్యువల్లో ఒక లైను వేద్దాం, అయిపోతుంది."

ఎంత సబబుగా ఉందో ఆ మాట! కారు, మెత్తటి సీటు. సుందరి తల ఊపింది. లింగంపల్లి స్టేషనుకి వెళ్లి తాండూరు ప్యాసింజరు ఎక్కడానికి కారెందుకమ్మా తల్లీ? ఎదురుగా కనబడుతున్న మేడ మీద ఐలయ్య ఇటుకలు మోస్తున్నాడు, కిటికీలోంచి కేకేస్తే వినపడుతుంది. కేకెయ్యలేదు. ఆదివారం ఇంట్లో గోళ్ల మీది ఎరుపు పోవాలని నిమ్మచెక్కతో రుద్దుకుంటూ కూర్చుంది. అది పోయే ఎరుపా!

సోమవారం కారు బొంబాయివాళ్లకోసం బేగంపేట విమానాశ్రయానికి వెళ్లింది. మంగళవారం వాళ్లని కొండలూ బండలూ చూపించడానికి తిప్పింది. "రేపు తప్పకుండా" అని రవికిరణ్ నవ్వుతూనే చెప్పాడు. బుధవారం పొద్దున్నే సుందరి ఆఫీసుకి పోకుండా, వానలో తడుస్తూ లింగంపల్లి వెళ్లింది. టికెట్టు కొనుక్కుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి తాండూరు వైపు నుంచి వచ్చిన బండి ఆగి ఉంది. దిగేవాళ్లలో ఐలయ్య కనిపించాడు. గడ్డం మాసి, భుజాన తువ్వాలతో. సుందరిని చూసి దగ్గరికొచ్చాడు.

"రుక్క పోయిందమ్మా" అన్నాడు.

సుందరి చేతిలో టికెట్టు నలిగిపోయింది.

"ఆయితారమె కబురొచ్చె, పోయిన. సోమారం పొద్దుగాల పోరి వుట్టింది. పోరి మంచిగనె ఉన్నది. రుక్కకు రక్తం ఆగలే. మా అత్త ఆకులలములు నూరి పోసుకుంట కూసున్నది. జీపు దొరకవట్టి తాండూరు తోల్కపోయెసరికి..." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పదకొండున్నర పైన రక్తం ఉండె గదమ్మా దానికి! మీరే జెప్తిరి. గంత రక్తం ఎట్ల వోతది? ఒక్క పూటల ఉన్నదంత వోయింది. మా అత్తనే సంపింది. నిండు రక్తం మనిషిని చేతుల వెడితె సంపి ఇచ్చింది. ఆ ముసల్దాని నీడ గూడ పోరి మీద వడనియ్య. ఈడ కూలి జేసె మా అమ్మను తోల్కపోదామని వచ్చిన, ఆమె సాకుతది."

"ఐలయ్యా!" అంది సుందరి. "మీ అత్త తప్పు కాదు. రుక్కమ్మకి అంత రక్తం లేదు. ఎప్పుడూ లేదు. ఆ మిషను తప్పు చెప్పింది. నేను పెట్టిన గోరింటాకు వల్ల. ఆ మైదాకు వల్లే, ఐలయ్యా."

అతనికి కోపం రాలేదు. వస్తే ఎంత బాగుండేది! జాలిపడ్డాడు.

"మైదాకు వెట్టుకుంటె మనుషులు సస్తరా అమ్మా? సదువుకున్నోళ్లు, మీరు గూడ గిట్లాంటివి నమ్ముతరా?" అన్నాడు. "మీరు దాన్ని మస్తు జూసుకున్నరు. మీ పానం గూడ కొట్టుకుంటున్నది, అందుకె ఏదో ఒకటి అంటున్నరు. ఫికర్ చెయ్యకుండ్రి. ఇంటికి వోండ్రి, వానల తడుస్తున్నరు."

జన్మంతా చాదస్తాలని ఊరందరినీ వెక్కిరించిన మనిషి, జీవితంలో ఒక్కసారి నోరు తెరిచి నిజం చెబితే, అది చాదస్తంలా వినబడింది. స్టేషను బెంచీ మీద కూర్చుని సుందరి భోరుమని ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం? ఐలయ్య ఆవిడకోసం టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు.

సుందరి ఉద్యోగం మానేస్తుందనుకున్నాడు కామేశ్వరరావు. ఆవిడా అలాగే అనుకుంది. మానలేదు. తను పోతే మాన్యువల్లో ఆ ఒక్క లైను వేయించే దిక్కు కూడా ఉండదని తనకి తాను చెప్పుకుంది. అది నిజమో సాకో ఆవిడకే తెలియాలి. పట్టీ మీది మందు మార్చాలని పోరింది. అందుకు మళ్లీ ఏడాది పడుతుందని రవికిరణ్ నవ్వాడు. చివరికి డబ్బా మీద ఒక లైనుకి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత సుందరి చేతికి గోరింటాకు తగల్లేదు. సరోజమ్మ అట్లతద్దికి రుబ్బిన ముద్ద గిన్నెలోనే ఎండిపోయింది.

డిసెంబరులో అరుణ డబ్బాలు అచ్చయి వచ్చాయి. అదే వారం ఐలయ్య మెట్లెక్కి వచ్చాడు. ఇదివరకు రుక్కమ్మ కూర్చునే మెట్టు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒక్క మాట అడుగుదామని వచ్చినమ్మా. పోరి పెద్దగైతున్నది. రేపు మా అమ్మ ఎట్లుంటుండె అంటె ఏం సూపియ్యాలె? మా కాడ రుక్క ఫొటువ ఒక్కటి గూడ లేదు. లగ్గంల తియ్యలే. ఆ దినం మీ సాబులు వచ్చినప్పుడు తీసిండ్రు గద. జర ఒక్కటి ఇయ్యండ్రి."

సుందరి బీరువాలు వెదికింది, సొరుగులు వెదికింది. ఆ రోజు ఫొటోలు అరడజను ఉన్నాయి. అన్నిట్లోనూ రవికిరణ్, బొంబాయివాళ్లు, తెల్లకోటులో తను. పేపర్లో వచ్చినదాంట్లో రుక్కమ్మ చీర అంచు, మోచెయ్యి. ఫొటోగ్రాఫరు ఆ పిల్ల మొహం వైపు కెమెరా ఎత్తలేదు. తీసినవాటిలో బాగా వచ్చింది వేలి ఫొటో ఒకటే, దాన్ని ప్రకటనలవాళ్లు పట్టుకెళ్లారు. అది ఇప్పుడు డబ్బా మీద ఉంది.

వేరే దారి లేక ఒక డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. మెరిసే తెల్లటి అట్ట మీద మందారంలా పండిన వేలు, దాని కొసన ఒక రక్తపు చుక్క. రంగులు బ్రహ్మాండంగా వచ్చాయని రవికిరణ్ పొద్దుటి నుంచీ మురిసిపోతున్నాడు. వేలు అంత ఎర్రగా ఉంటే డబ్బాకే అందం వచ్చిందట.

ఐలయ్య డబ్బాని వెలుగులోకి పట్టుకుని చూశాడు. బొటనవేలితో ఆ బొమ్మ మీద రాశాడు.

"గిది రుక్క వేలే. గీ గోటి పక్కన గాటు, కొడవలి దిగింది మా పెండ్లైన కొత్తల." ఆ గాటు మీద మళ్లీ రాశాడు. "మొకం లేకపాయె. పోనీ, వేలన్న ఉన్నది." తర్వాత వేలి కింద సన్నటి అక్షరాలు చూపించాడు. "గీడ ఏమో రాసిండ్రు. దాని పేరా?"

సుందరి అబద్ధం చెప్పొచ్చు. 'అవును, రుక్కమ్మ పేరే' అంటే సంతోషంగా వెళ్లిపోతాడు. ఒకసారి అందరి ముందూ అన్న 'నిజమే' అడ్డుపడింది. చదివింది.

"గోరింటాకు పెట్టుకున్న వేలి నుంచి రక్తం తీయరాదు. తీస్తే రక్తం లేకపోయినా ఉన్నట్టు చూపుతుంది."

ఐలయ్య ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివింది.

"గిదెప్పుడు రాసిండ్రు?"

"తర్వాత."

"అచ్చుల గొట్టిండ్రంటె నిజమే అన్నట్టు" అన్నాడు నెమ్మదిగా. "మీరు టేషన్ల జెప్పింది ఉత్త మాట గాదు."

"కాదు, ఐలయ్యా."

తిడతాడనుకుంది. చెయ్యెత్తినా బాగుండుననుకుంది. అతను సుందరి వైపు చూడనేలేదు. మెట్ల కిందికి, వీధి వైపు చూస్తున్నాడు.

"మా అత్త మూడు సార్లు వచ్చిందమ్మా, పోరిని జూస్తనని. గుడిసె ముంగట పొద్దుందాక కూసొని ఏడిసింది. నా బిడ్డ బిడ్డను ఒక్కపారి ఎత్తుకుంట అని కాళ్లు వట్టుకున్నది. ముట్టనియ్యలే నేను. నువ్వే సంపినవు, పో అని మెడవట్టి గెదిమిన." డబ్బాని రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "ఊర్లె ఇప్పుడు ఎవలూ ఆమెను కాన్పుకు విలుస్తలేరట."

కింద దుకాణంలో ఎవరో మేకులు తూకం వేయించుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఐలయ్య డబ్బాని తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. రెండు మెట్లు దిగి ఆగాడు.

"ఇంకొక డబ్బా ఉంటె ఇయ్యండ్రి అమ్మా" అన్నాడు. "ముసల్దానికి ఇయ్యాలె."

సుందరి లోపలికి వెళ్లింది. అటక దాకా పేర్చిన డబ్బాలన్నిటి మీదా రుక్కమ్మ వేలే ఉంది. పైనుంచి ఒకటి తీసి, తెచ్చి అతనికిచ్చింది.